ఆట గంటన్నర... దారి పద్నాలుగు గంటలు!

ఇంట్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్కరుంటే చాలు, ఆ ఇంటి బడ్జెట్ మీద దాని ప్రభావం పడి తీరుతుంది. జట్టూ మీరూ ఒకే ఊళ్ళో ఉంటే గొడవ లేదు. నడిచి వెళ్ళి, ఆట చూసి, నడిచి వచ్చేస్తారు. జట్టేమో ఉత్తరాన, మన ఇల్లేమో దక్షిణాన ఉంటేనే వస్తుంది తంటా. పేరుకి అది 'హోం మ్యాచే'. కానీ ఆ హోంకి చేరాలంటే 280 మైళ్ళు పోవాలి. మన లెక్కలో 450 కిలోమీటర్లు. విజయవాడ నుంచి చెన్నై వెళ్ళి, ఆట చూసి, ఆ రోజే మళ్ళీ విజయవాడ వచ్చేయడమన్నమాట!

లండన్ పక్కన హౌన్‌స్లోలో మా కాపురం. మా అబ్బాయి జట్టు న్యూకాజిల్ యునైటెడ్. 'అంత దూరం దేనికమ్మా, దగ్గర్లో ఉన్న జట్టుని చూసుకోవచ్చుగా' అనే కదా మీరు అడగబోయేది? మా ఆయనా అదే అన్నారు. లండన్లో జట్లకేం కొదవ! ఆర్సెనల్, చెల్సీ, టోటెన్‌హామ్... బళ్ళో పిల్లలంతా వాటి చొక్కాలే తొడుక్కుంటారు. కానీ మావాడు పుట్టింది, నడక నేర్చింది, స్నేహితుల్ని సంపాదించుకున్నది న్యూకాజిల్‌లో. తొమ్మిదేళ్ళు అక్కడే ఉన్నాం. ఉద్యోగం పేరు చెప్పి మేం వాణ్ణి ఇటు తీసుకొచ్చేశాం. 'జట్టు మార్చుకోరా' అంటే 'జట్టుని ఎవరైనా మారుస్తారా నాన్నా?' అని అడిగి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆ రెండు నెలలూ వాడు సరిగ్గా అన్నం తింటే ఒట్టు! వాడికది ఉత్త ఆట కాదనీ, మాతో తెచ్చుకోలేకపోయిన ఊరనీ నాకు అప్పుడర్థమైంది. ఏడాదికి మూడు మ్యాచ్‌లకి తీసుకెళ్ళాలని ఇంట్లో ఒప్పందం కుదిరింది. డబ్బు లెక్క మాత్రం నా నెత్తిన పడింది. అదెప్పుడూ అంతే కదా!

టీవీలో చూసుకోవచ్చు కదా అనుకుంటారేమో. ఇక్కడో తమాషా ఉంది. శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా బ్రిటన్లో ఫుట్‌బాల్ మ్యాచ్‌లు టీవీలో ప్రత్యక్షంగా చూపించరు. టీవీ ముందు కూర్చుంటే జనం స్టేడియానికి రారని 1960ల్లో పెట్టుకున్న కట్టుబాటు అది. అదే ఆటని తెనాలిలో మా మరిదిగారబ్బాయి కాళ్ళు చాపుకుని చూస్తాడు. చూసి, 'అన్నయ్యా, గోల్ కొట్టారు' అని ఫోన్లో మావాడికి చెబుతాడు!

ఆ జట్టేమైనా ఎప్పుడూ గెలుస్తూ ఉంటుందా అంటే అదీ లేదు. 1955లో ఎఫ్ఏ కప్పు గెలిచాక ఇంగ్లండ్‌లో మళ్ళీ పెద్ద కప్పు అందుకోవడానికి 70 ఏళ్ళు పట్టింది. 2025 మార్చి 16న లండన్లో వెంబ్లీ స్టేడియంలో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్పు గెలిచారు. ఆ సాయంత్రం మా వీధిలో నలుపు తెలుపు చారల చొక్కా వేసుకుని ఏడ్చింది మావాడొక్కడే.

డిప్‌లో పేరొస్తేనే...

ప్రయాణం మాట తర్వాత, ముందు మ్యాచ్ టికెట్టు దొరకాలి. న్యూకాజిల్ మైదానం సెయింట్ జేమ్స్ పార్కులో 52 వేల మందికి పైగా పడతారు. అయినా చాలదు. ఏడాది సభ్యత్వం తీసుకున్నవాళ్ళు ఒక్కో మ్యాచ్‌కీ పేరు నమోదు చేసుకుంటే లాటరీ తీస్తారు. తిరుమలలో ఆర్జిత సేవలకి డిప్ తీస్తారు చూడండి, అచ్చం అలాగే! పేరొచ్చిందా సరే, లేదంటే మళ్ళీ మ్యాచ్ దాకా ఆగాల్సిందే. బయట ఎవరో అమ్ముతున్నారని ఎగబడకండి. ఫుట్‌బాల్ టికెట్లని అనుమతి లేకుండా తిరిగి అమ్మడం 1994 చట్టం ప్రకారం ఇక్కడ నేరం. మోసపోతే డబ్బూ పోతుంది, మూడు గంటలు రైల్లో కూర్చుని వెళ్ళి గేటు బయట నిలబడాల్సీ వస్తుంది.

పిల్లలకి టికెట్టు ధర పెద్దవాళ్ళకన్నా తక్కువే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఆట టికెట్టు మమ్మల్ని ఎప్పుడూ అంతగా భయపెట్టలేదు. భయపెట్టింది దారి ఖర్చు. ఓ శుక్రవారం రాత్రి ఊరికే చూద్దామని మర్నాటి రైలు ధరలు లెక్కవేశాను. నలుగురికీ రానూపోనూ 500 పౌండ్లు దాటింది. మా ఇంటికి నెల సరుకులు అంతకన్నా తక్కువకే వస్తాయి.

ముందు మేలుకున్నవాళ్ళదే సీటు

అదే ప్రయాణాన్ని మేం 130 పౌండ్లకి అటూ ఇటూగా చేశాం. ఎలాగో చెబుతాను. ఇంగ్లండ్ వచ్చే మన పిల్లలకి, వాళ్ళ దగ్గరికొచ్చే తల్లిదండ్రులకి కూడా ఇది పనికొస్తుంది. ఫుట్‌బాలే కానక్కర్లేదు.

మన రైళ్ళలో ఎప్పుడు కొన్నా ఛార్జీ దాదాపు ఒకటే. దొరకడమే కష్టం. 2024 నవంబరు నుంచి మనకి 60 రోజుల ముందే రిజర్వేషన్ మొదలవుతోంది కదా, ఇక్కడ సాధారణంగా 12 వారాల ముందు దాకా అమ్ముతారు. కానీ ఇక్కడ ధర నిలకడగా ఉండదు. 'అడ్వాన్స్' టికెట్లు మొదట్లో చవగ్గా ఉంటాయి, సీట్లు నిండుతున్నకొద్దీ పెరుగుతాయి. నెల ముందు మనిషికి 30 పౌండ్లకి దొరికిన సీటు ముందురోజుకి 100 దాటిపోవచ్చు. లండన్ కింగ్స్‌క్రాస్ నుంచి న్యూకాజిల్‌కి ప్రధానంగా రెండు సంస్థల రైళ్ళున్నాయి. ఎల్ఎన్ఈఆర్ ఒకటి. 2021 అక్టోబరులో మొదలైన లూమో ఇంకొకటి. లూమోలో ఫస్ట్ క్లాసు అనేదే లేదు, అందరూ ఒకటే. రెండిటి ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒకే రోజు ఉదయం బండికీ, మధ్యాహ్నం బండికీ మధ్య ఇరవై పౌండ్ల తేడా కనిపిస్తుంది. పోయేటప్పుడు ఒకరి బండి, వచ్చేటప్పుడు ఇంకొకరి బండి ఎక్కితే తప్పేం లేదు.

రెండో సంగతి రైల్ కార్డు. ఏడాదికి 35 పౌండ్లు. 'ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్' కార్డు ఒకటి తీసుకుంటే నలుగురు పెద్దలు, నలుగురు పిల్లల దాకా దాని మీద వెళ్ళొచ్చు. పెద్దవాళ్ళకి మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకి 60 శాతం తగ్గుతుంది. ఒక పిల్లో పిల్లాడో వెంట ఉండి తీరాలి. మాలాంటి నలుగురికి ఒక్క దూరప్రయాణంలోనే కార్డు డబ్బు తిరిగొచ్చేస్తుంది. పిల్లల్లేని జంటలకి 'టూ టుగెదర్' కార్డుంది. అందులో పేర్లున్న ఇద్దరూ కలిసే ప్రయాణం చేయాలి (అలిగి వేరే బోగీలో కూర్చుంటే ఏమంటారో కనుక్కోలేదు!). అరవై దాటినవాళ్ళకి సీనియర్ కార్డు. ఇది ఈ దేశం వాళ్ళకే అనుకోకండి, మనవాళ్ళు కూడా పాస్‌పోర్టు చూపించి స్టేషన్లో తీసుకోవచ్చు. ఆరు నెలలకని వచ్చిన మా అత్తయ్యగారికి మేం తీసుకున్నది అదే.

ఇంకో చిట్కా ఉంది, వింటే మీకు నవ్వొస్తుంది. లండన్ నుంచి న్యూకాజిల్‌కి ఒకే టికెట్టు కొనేకన్నా, లండన్ నుంచి యార్క్‌కి ఒకటి, యార్క్ నుంచి న్యూకాజిల్‌కి ఒకటి కొంటే ఒక్కోసారి చవగ్గా వస్తుంది. బండి అదే, సీటూ అదే అయినా ఫరవాలేదు, మనం దిగనక్కర్లేదు కూడా. ఆ బండి యార్క్‌లో ఆగాలి, అంతే షరతు. ఇది దొంగదారి కాదు, రైల్వే నిబంధనలే ఒప్పుకుంటాయి.

అడ్వాన్స్ టికెట్టుకి ఒక మెలిక ఉంది. ఏ బండికి కొన్నామో ఆ బండే ఎక్కాలి. ఆటలో అదనపు సమయం ఇచ్చారు, జనంలో ఇరుక్కుపోయాం అంటే ఎవరూ వినరు. అందుకే తిరుగుబండి ఆట అయిపోయాక గంటన్నర తర్వాతే ఉండేలా చూసుకుంటాను. మైదానం నుంచి స్టేషన్‌కి పావుగంట నడకే గానీ, 52 వేల మందీ ఒకేసారి బయటికొస్తారని మరవకూడదు. ఎల్ఎన్ఈఆర్‌లో ఈ దారిన 2024 ఫిబ్రవరి నుంచి '70 నిమిషాల ఫ్లెక్స్' అనే టికెట్టు పెట్టారు. కొన్న బండికి 70 నిమిషాల ముందుదైనా, తర్వాతదైనా ఎక్కొచ్చు. కొంచెం ధర ఎక్కువ. తిరుగు ప్రయాణానికి మాత్రం అది తీసుకుంటే మనశ్శాంతి. ఇక బండే ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని బట్టి డబ్బు తిరిగిస్తారు. దరఖాస్తు మనమే పెట్టుకోవాలి. చాలామంది బద్ధకించి వదిలేస్తారు. నేను వదలను!

రాత్రి బస్సు, పులిహోర పొట్లం

రైలు కూడా అందనప్పుడు కోచ్ ఉంది. కోచ్ అంటే దూరప్రాంతాల బస్సు. లండన్ విక్టోరియా నుంచి న్యూకాజిల్‌కి నేషనల్ ఎక్స్‌ప్రెస్‌లో సుమారు ఏడు గంటలు. రైలుకి మూడు గంటలే కదా అనకండి. డబ్బు మిగలాలంటే నిద్ర ఖర్చుపెట్టాలి. కోచ్‌లో బాత్‌రూం ఉంటుంది. న్యూకాజిల్‌లో కోచ్ స్టేషన్ నుంచి మైదానానికి నడిచి వెళ్ళిపోవచ్చు. రాత్రి ఎక్కితే తెల్లారేసరికి విక్టోరియాలో దింపుతాడు కాబట్టి హోటల్ ఖర్చు కూడా తప్పుతుంది. చిన్నపిల్లలతో మాత్రం నేను సలహా ఇవ్వను. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. రాత్రంతా నా ఒళ్ళో తలపెట్టి పడుకుంది. మర్నాడు దానికేం కాలేదు గానీ నా నడుం మూడు రోజులు నాది కాదు.

కారుంటే కారే చవక, అదీ నిండా మనుషులుంటే. లండన్లో న్యూకాజిల్ అభిమానుల బృందాలున్నాయి. మాలాగే అటు నుంచి ఇటొచ్చి పడ్డవాళ్ళు. ఒకరి కారులో అయిదుగురు ఎక్కి పెట్రోలు పంచుకుంటే మనిషికి బస్సు ఛార్జీ కూడా పడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. పంచుకునే డబ్బు కారు ఖర్చుకి మించకూడదు. లాభం తీసుకుంటే అది టాక్సీ కిందికొస్తుంది, ఇన్సూరెన్స్ చెల్లదు. రాత్రిపూట అయిదు గంటలు ఒక్కరే నడపడం కూడా మంచిది కాదు. నడిపేవాళ్ళు ఇద్దరుంటేనే మేం బయల్దేరతాం.

మ్యాచ్ రోజుల్లో హోటళ్ళు కొండెక్కి కూర్చుంటాయి. అప్పుడు పక్క ఊళ్ళు వెతుక్కోవాలి. రైల్లో పావుగంట దూరంలో డర్హాం ఉంది, నది దాటితే గేట్స్‌హెడ్. మెట్రో రైలు సండర్లాండ్ దాకా పోతుంది, అక్కడ గది చవగ్గా దొరికింది కూడా. కానీ సండర్లాండ్ అంటే న్యూకాజిల్‌కి పాతకాలపు పగ. 'అక్కడ నిద్రపోవడం కన్నా ప్లాట్‌ఫారం మీద పడుకుంటాను' అన్నాడు మా పుత్రరత్నం. చివరికి పాత ఇంటి పక్కావిడ దగ్గర హాల్లో పరుపులేసుకున్నాం. తొమ్మిదేళ్ళు పండక్కి ఆవిడకి నేను పంపిన గారెలు అలా అక్కరకొచ్చాయి!

తిండి మాట చెప్పనక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ ముక్క. రైల్లో నలుగురికి శాండ్‌విచ్‌లు కొన్న డబ్బుతో ఒక బస్సు టికెట్టు వస్తుంది. కాకపోతే పెద్ద సంచీలు మైదానంలోకి రానివ్వరు. డబ్బాలు ఖాళీ చేసి, చిన్న చేతిసంచీతో వెళ్ళాలి.

తేదీ మన చేతిలో లేదు

ఇంత పొదుపూ ఒక్క వార్తతో నీళ్ళపాలవుతుంది. మ్యాచ్‌ల పట్టిక జూన్‌లోనే ఇస్తారు. మొదట అన్నీ దాదాపు శనివారం మూడింటికే ఉన్నట్టు కనిపిస్తాయి. తర్వాత టీవీ చానళ్ళు తమకి కావలసినవి ఏరుకుంటాయి. ప్రీమియర్ లీగ్‌లో ఏడాదికి 380 మ్యాచ్‌లు. 2025-26 నుంచి వాటిలో కనీసం 267 ప్రత్యక్షంగా చూపించేలా ఒప్పందం. అంటే పదిట్లో ఏడు. శనివారం ఆట ఆదివారానికో, సోమవారం రాత్రి ఎనిమిదింటికో మారిపోవచ్చు. రాత్రి ఎనిమిది ఆట ముగిసేసరికి పది అవుతుంది. ఆ వేళకి లండన్ రైలు ఉండదు. మర్నాడు పిల్లలకి బడి, పెద్దలకి ఆఫీసు. ఆదివారాలు పట్టాల మరమ్మతులని చెప్పి సగం దారి బస్సుల్లో పంపడం కూడా మామూలే.

మాకు తెలిసిన ఒకావిడ కొడుకు పుట్టినరోజుకని నలుగురికి రైలు టికెట్లు కొంది. ఆట రెండు రోజులు వెనక్కి జరిగింది. అడ్వాన్స్ టికెట్టుకి డబ్బు వాపసు ఉండదు. బండి కదలకముందు తేదీ మార్చుకోవచ్చు గానీ, ఒక్కో టికెట్టుకి 10 పౌండ్ల దాకా రుసుము, పైన ధరలో తేడా. అన్నీ కలిపితే మొదట కొన్నదానికన్నా ఎక్కువైంది. ఆవిడ వెళ్ళలేదు. పిల్లాడు ఆ సోమవారం రాత్రి టీవీలో చూశాడు. టీవీ వాళ్ళ కోసం జరిపిన ఆటకి ఆ ఇల్లు అలా ప్రేక్షకులైంది! నాకైతే ఇది అన్యాయమనే అనిపిస్తుంది. తేదీ మార్చేవాళ్ళు టికెట్టు కొన్నవాళ్ళ నష్టం ఎందుకు భరించకూడదు? ఫుట్‌బాల్ అభిమానుల సంఘం వాళ్ళు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడుతూనే ఉన్నారు. అప్పటిదాకా నేను చేసేదల్లా టీవీ వాళ్ళు తేదీ ఖాయం చేసిందాకా ఆగి, ఆ పూటే కొనేయడం. కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. చవక టికెట్లు అప్పటికింకా పూర్తిగా అయిపోవు.

ఇల్లే ఊరు దాటిపోతే

మేమంటే ఊరు మారాం. ఊళ్ళోనే ఉన్నవాళ్ళకి జట్టే దూరమైతే? బ్రైటన్ అని సముద్రపు ఒడ్డున ఒక ఊరుంది. 1997లో ఆ జట్టు మైదానం చేజారిపోయింది. రెండేళ్ళపాటు 'హోం మ్యాచ్‌లు' 70 మైళ్ళ దూరాన గిల్లింగ్‌హాంలో ఆడారు. తమ ఊరి జట్టుని చూడ్డానికి జనం ప్రతిసారీ పొరుగూరికి పరుగెత్తారు. 1999లో జట్టు ఊరికి తిరిగొచ్చింది. 2011లో ఊరి చివర ఫాల్మర్‌లో కొత్త స్టేడియం కట్టుకున్నారు. అప్పుడు చేసిన పని నాకు భలే నచ్చింది. మ్యాచ్ టికెట్టు ఉంటే చాలు, నిర్ణీత పరిధిలో బస్సు, రైలు ఛార్జీ అందులోనే కలిసేలా ఏర్పాటు చేశారు. జర్మనీలో కూడా చాలా క్లబ్బుల టికెట్టు మీద ఆ రోజుకి స్థానిక బస్సులు, రైళ్ళు ఎక్కేయొచ్చు. ఆట చూడమని పిలిచినవాళ్ళు దారి ఖర్చు కూడా ఆలోచించారన్నమాట.

కోవెంట్రీ కథ ఇంకోరకం. అద్దె గొడవతో ఆ జట్టు 2013-14లో 35 మైళ్ళ అవతల నార్తాంప్టన్‌కి వెళ్ళి ఆడింది. చాలామంది అభిమానులు కోపంతో లోపలికి పోలేదు. కొందరు అంత దూరమూ వెళ్ళి, టికెట్టు కొనకుండా, స్టేడియం బయటి గుట్ట మీద నిలబడి చూశారు.

మన హైదరాబాద్ సంగతి? 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు తెచ్చిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2025లో ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గచ్చిబౌలిలో పసుపు చొక్కాలేసుకుని అరిచిన పిల్లలకి ఇప్పుడు ఏ రైలు కార్డు పనికొస్తుంది చెప్పండి!

ఆడవాళ్ళు వెళ్ళొచ్చా?

ఊరి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడిగేది ఇదే. తాగి అల్లరి చేస్తారటగా అని. మైదానంలో మాకెప్పుడూ ఇబ్బంది రాలేదు. తిరుగు రైల్లో మాత్రం గోల ఉంటుంది. పాటలు, సీసాలు, తూలే మనుషులు. నేను సీట్లు తీసుకునేటప్పుడే 'క్వయిట్ కోచ్' ఉంటే అడుగుతాను. లేకపోతే గార్డు ఉండే వైపు కూర్చుంటాం. ఎవరైనా మరీ మితిమీరితే 61016 నంబరుకి మెసేజ్ పెడితే రైల్వే పోలీసులకి చేరుతుంది. నోరు విప్పి ఫోన్లో మాట్లాడనక్కర్లేదు కాబట్టి పక్కవాళ్ళకి తెలీదు. ప్రాణం మీదికొస్తే 999 ఉండనే ఉంది. ఆటల్లో ఆడవాళ్ళని చులకన చేయడాన్ని ఎదిరిస్తూ 2021లో 'హర్ గేమ్ టూ' పేరుతో అభిమానులే ఓ ఉద్యమం మొదలుపెట్టారు. చాలా క్లబ్బులు దాంతో చేయి కలిపాయి.

ఖర్చు చూసి వెనకాడేవాళ్ళు ముందు ఆడపిల్లల ఆటకి వెళ్ళిరండి. టికెట్లు చవక, కుటుంబాలు ఎక్కువ, తోపులాట తక్కువ. 2022 మే 1న న్యూకాజిల్ అమ్మాయిల జట్టు మొదటిసారి సెయింట్ జేమ్స్ పార్కులో ఆడితే 22,134 మంది వచ్చారు. అన్నయ్య వెనక తోకలా తిరిగే మా అమ్మాయి ఇప్పుడు తన మ్యాచ్ వేరే కావాలంటోంది. అంటే మూడు కాస్తా నాలుగవుతాయి. లెక్క మళ్ళీ వేయాలి.

మా అత్తయ్యగారు కూడా ఓసారి మాతో వచ్చారు. నేత చీర మీద కోటు, తలకి మంకీ క్యాప్, మెడలో మనవడు చుట్టిన చారల మఫ్లరు. పక్క సీటు పెద్దాయన ఆవిడకి టీ తెచ్చిచ్చాడు. ఆయన ఇంగ్లీషు ఆవిడకి అర్థం కాదు, ఆ మాటకొస్తే న్యూకాజిల్ యాస నాకే సగం అర్థం కాదు. ఆట అయిపోయాక 'ఎవరు గెలిచారే?' అని అడిగారు. ఎవరూ గెలవలేదత్తయ్యా, సమానం అన్నాను. 'ఇంత దూరం వచ్చింది సమానానికా!' అని రైలెక్కేదాకా సాధించారు. డర్హాం దాటకుండానే నిద్రపోయారు.

చలికాలంలో వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. న్యూకాజిల్ గాలి లండన్ గాలి కాదు. రెండు జతల మేజోళ్ళు, చేతులకి గ్లౌజులు, పిల్లలకి చొక్కా లోపల థర్మల్స్ వేయండి. జట్టు చొక్కా కనపడాలని వాళ్ళు కోటు విప్పేస్తారు. అందుకే మావాడికి రెండు సైజులు పెద్ద చొక్కా కొని, కోటు మీదే తొడిగేస్తాను.